డ్రైవరు తప్పు

పద్మారావు నగర్, సికింద్రాబాద్
25 అక్టోబరు 2025

పూజ్యులైన కాంతమణి వదినగారికి,

శ్రీలేఖ నమస్కారాలు. దసరాకి మీరూ అన్నయ్యగారూ వచ్చి వెళ్ళాక ఇల్లు బోసిపోయిందని రాద్దామనుకున్నాను. కానీ మీ తమ్ముడు ఇంట్లో ఉండగా ఏ ఇల్లూ బోసిపోదు. మీ కళ్ళజోడు పెట్టె దేవుడి గదిలో మర్చిపోయారు. అత్తయ్య అందులో కర్పూరం దాచుకుంటున్నారు, కాబట్టి ఇక ఆశ వదులుకోండి.

ఈ రోజుల్లో ఉత్తరమేంటని అన్నయ్యగారు నవ్వుతారని తెలుసు. ఏం చెయ్యమంటారు? ఫోను దగ్గరికి రాగానే మీ చెవి మిషను ఈల వేస్తుంది, మీరు విసుక్కుని ఫోను అన్నయ్యగారి చేతికిస్తారు, ఆయన విన్నదానికి కాస్త సొంత సరుకు కలిపి మీకు చెప్తారు. ఇటు చూస్తే మీ తమ్ముడు పక్కనే కూర్చుని స్పీకరు పెట్టమంటారు. మన మధ్య మాట మన మధ్యే ఉండాలంటే పోస్టాఫీసే గతి.

విషయానికొస్తాను. కారు ముందు చక్రాల దగ్గర చప్పుడు వస్తోంది. దీపావళి వెళ్ళిన మర్నాడు మొదలైంది. మెల్లగా పోతుంటే ఎడమవైపు నుంచి టక్... టక్... అని. ఎవరో లోపలుండి తలుపు తియ్యమంటున్నట్టు ఉంటుంది. వేగం పెరిగితే ఆ చప్పుడు రోడ్డు గోలలో కలిసిపోతుంది.

మీ తమ్ముడికి చెప్పాను. ఆయన కనీసం పేపరు కూడా దించకుండా రోగం తేల్చేశారు: "డ్రైవరు తప్పు." బీమా కంపెనీలో మోటారు క్లెయిములు చూసే మనిషి కదా. ఊళ్ళో ఎవరి కారు ఎవరికి తగిలినా ఇన్నేళ్ళుగా ఆ రెండు మాటలే రాసి రాసి, ఇప్పుడు పాలు పొంగినా నా వైపు అలాగే చూస్తున్నారు. నేను స్పీడ్ బ్రేకర్లు దూకిస్తానట, క్లచ్చి మీద కాలు ఆనించి పడుకుంటానట. "ఇలాగే ఉంటే తాళం నా దగ్గరే పెట్టుకుంటాను" అన్నారు.

ఆ తాళం సంగతి మీకు తెలుసు కదా వదినా. ఈ వయసులో లైసెన్సు తెచ్చుకున్నాను. కారు తాళం వంటింటి గుమ్మం పక్కన మేకుకి వేలాడుతుంది. ఈ ఇంట్లో నాకోసమని కొట్టిన మొదటి మేకు అది, దాన్నీ నేనే కొట్టుకున్నాను. వారానికి మూడు రోజులు అత్తయ్యని మోకాళ్ళ వ్యాయామానికి రాంగోపాల్‌పేట తీసుకెళ్తున్నాను. ఆవిణ్ణి లోపల దించి, కారు నీడలో పెట్టి, అద్దాలు దించుకుని ఫ్లాస్కులో కాఫీ తాగుతాను. ఎవరికీ ఏమీ వడ్డించక్కర్లేని సమయం నాకు అదొక్కటే. ఆ తాళం పోతే అది కూడా పోతుంది.

అందుకని అడుగుతున్నాను. అన్నయ్యగారు ఒకప్పుడు లారీలు నడిపించిన మనిషి కదా, ఈ చప్పుడు ఏమై ఉంటుందో మెల్లగా కనుక్కుని రాయండి. నేను అడిగానని మాత్రం చెప్పకండి.

మీ మరదలు,
శ్రీలేఖ

•

కాకినాడ
31 అక్టోబరు 2025

చి.ల.సౌ. శ్రీలేఖకి,

వదిన ఆశీస్సులు. నీ కవరు చూసి మీ అన్నయ్య ఏ కోర్టు నోటీసోనని కంగారుపడి నాచేత విప్పించారు. చప్పుడు గురించి సలహాకి ఊరందరినీ వదిలేసి చెవిటిదాన్ని ఎంచుకున్నావు చూడు, నీ తెలివికి ముచ్చటేసింది.

నువ్వు అడిగావని చెప్పకుండా మీ అన్నయ్యని అడిగాను. ఆయన ఆలోచించనైనా లేదు. "బ్రేకు ప్యాడ్లు" అన్నారు. ఆయనకి లారీలున్న రోజుల్లో ఏ చప్పుడొచ్చినా బ్రేకే అనేవారు. అందుకే ఇప్పుడు మాకు లారీలు లేవు. అయినా అడిగాను కాబట్టి రాస్తున్నాను, నమ్మితే నమ్ము.

నీకు కోపం వస్తుందని తెలిసినా ఒక మాట దాచలేను. తమ్ముడు మీ అన్నయ్యకి ఫోన్ చేశాడట. "శ్రీలేఖ కారుని గుర్రం అనుకుంటోంది బావా, గుంత కనిపిస్తే చాలు దౌడు తీయిస్తోంది" అన్నాడట. వాడి మాటకి నేను తల ఊపలేదు. కానీ నువ్వు మా ఇద్దర్నీ స్టేషన్లో దింపిన రోజు ఆ ఫ్లైఓవరు దిగేటప్పుడు నేను కళ్ళు మూసుకున్న మాట మాత్రం నిజం. ఇది నీకూ నాకూ మధ్యే ఉండాలి.

తమ్ముడు అంత పొడిచేవాడేమీ కాదులే. నవమి నాడు పొద్దున్న నువ్వు వంటింట్లో గారెల మూకుడు ముందున్నావు కాబట్టి ఒక వేడుక పోగొట్టుకున్నావు. కారు చక్రంలో గాలి పోయిందని వీడు పంచె ఎగ్గట్టి బయల్దేరాడు. బావ చూస్తున్నాడు కదా, మెకానిక్కుని పిలిస్తే పరువు తక్కువ. జాకీ ఎత్తి, చక్రం మార్చి, జాకీ దించి, పానా పట్టుకుని మళ్ళీ వంగాడో లేదో, అమ్మ వచ్చి ఆ పానా చేతిలోంచి లాగేసుకుంది. ఆయుధ పూజకి వేళయిపోతోందని దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కత్తిపీట పక్కన పీట మీద పెట్టేసింది. నా చెవి మిషను అప్పుడు చార్జింగులో ఉంది. వాడేదో గొణిగాడు, అమ్మ ఏదో గద్దించింది, నాకు పెదాలు కదలడమే కనపడింది. అంతే, వాడు బుద్ధిమంతుడిలా ఆ చక్రానికి మూత తగిలించి, దానికీ బొట్టు పెట్టి, చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయాడు. ఉద్వాసన చెప్పేదాకా పూజలో పెట్టినదాన్ని ముట్టుకోవడం మా ఇంట్లో ఎవరి తరమూ కాదు. చిన్నప్పుడు నా లెక్కల పుస్తకం పూజలో ఉందని నేను పరీక్ష తప్పాను. ఆఫీసులో అందర్నీ గడగడలాడించే మనిషి అమ్మ ముందు ఇప్పటికీ నిక్కర్లో కుర్రాడే. నువ్వది చూసుంటే వాడి మీద ఈ పాటికి సగం కోపం పోయేది.

నా సలహా అడిగితే, ఆ చప్పుడేదో తేలేదాకా కాస్త మెల్లగా నడుపు. అన్నట్టు, మీ ఇంటి నుంచి తెచ్చిన చింతకాయ పచ్చడిలో ఉప్పు ఎక్కువైంది. బాగుంది గానీ ఎక్కువైంది.

ఆశీస్సులతో,
కాంతమణి వదిన

•

పద్మారావు నగర్
7 నవంబరు 2025

వదినగారికి నమస్కారాలు.

ఫ్లైఓవరు మీద మీరు కళ్ళు మూసుకున్న సంగతి నాకు తెలీదు. తెలిసుంటే కనీసం నేనైనా తెరిచి ఉంచేదాన్ని. పచ్చడిలో ఉప్పు వేసింది అత్తయ్య, ఆవిడకి చెప్పమంటారా?

ముందు అన్నయ్యగారి బ్రేకు ప్యాడ్ల సంగతి చూశాను. చూశానంటే కారు కింద దూరలేదు, పరీక్ష పెట్టాను. మా వీధి చివర స్కూలు ప్రహరీ గోడ పొడుగ్గా ఉంటుంది. గోడ పక్కన అద్దాలు దించుకుని మెల్లగా పోతే, చక్రం చప్పుడు గోడకి తగిలి తిరిగొచ్చి బాగా వినపడుతుంది. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, ఫోనులో చూసి నేర్చుకున్నాను. తోడుకి జబీన్‌ని పిలిచాను. మీకు గుర్తుందా, మూలమీద జాకెట్లు కుట్టే దుకాణం, దసరాకి మీ పట్టు జాకెట్టు కూడా తనే కుట్టింది. రోజంతా కుట్టు మిషను ముందు కూర్చునే మనిషి, చప్పుళ్ళ తేడా బాగా పట్టేస్తుంది.

"ఏందక్కా, గిట్ల పరేషాన్ అయితున్నవ్? నువ్వు జెర మెల్లగ పో, నేను పక్కన నడుస్త" అని కారు పక్కన నడిచింది. స్కూలు పిల్లల తల్లులంతా ఆగి మమ్మల్ని చూశారు. ఒకావిడ అయితే కారు ఊరేగింపుకి తీసుకెళ్తున్నారా అని అడిగింది.

మొత్తానికి తేలింది ఇదీ. బ్రేకు తొక్కినా తొక్కకపోయినా చప్పుడు మారలేదు. కాబట్టి అన్నయ్యగారి ప్యాడ్లు నిర్దోషులు. గేరు తీసేసి కారుని ఊరికే దొర్లనిచ్చినా వచ్చింది, కాబట్టి నా క్లచ్చి కాలు కూడా నిర్దోషే. గుంత లేని చోట కూడా వస్తోందని జబీనే చెప్పింది, అంటే నా గుర్రపు స్వారీ కూడా కాదు. చక్రం ఒకసారి తిరిగితే ఒకసారి టక్ అంటుంది. స్టీరింగు కుడికి తిప్పితే ఎక్కువ, ఎడమకి తిప్పితే తక్కువ. "ఎడమ చక్రంలనే ఏదో లూజుగుందక్కా, నా మిషన్ల గిట్లనే స్క్రూ ఊడినప్పుడు కొట్టుకుంటది" అంది.

ఇంత చేసి మీ తమ్ముడికి వివరంగా చెప్తే, "సరే, నేనే నడిపి చూస్తా" అన్నారు. నడిపారు. ఎలా నడిపారనుకున్నారు? అద్దాలన్నీ ఎత్తేసి, ఏసీ పెట్టి, పాత పాటలు గట్టిగా పెట్టుకుని. తిరిగొచ్చి, "నేను నడిపితే ఏ చప్పుడూ లేదు. చూశావా, కారుకి మనిషి తెలుస్తాడు" అన్నారు. కారులో బాంబు పేలినా ఆ పాట చరణం అయ్యాకే ఆయనకి వినపడేది.

పోనీ మెకానిక్కుకి చూపిద్దామంటే, మన విజయేందర్ తప్ప ఇంకెవరూ ఆ కారు మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదట. రాంగోపాల్‌పేటలో అత్తయ్య వ్యాయామం చేసే మేడ కిందే లాల్ అని ఒకతని షెడ్డు ఉంది. "ఆ లాల్ ఎవడో, వాడి లెక్కేంటో నాకు తెలీదు" అని కొట్టిపారేశారు. మరి విజయేందర్ ఎక్కడున్నాడంటే, మాల వేసుకుని శబరిమలకి పాదయాత్ర వెళ్ళాడు. ఊరందరి కార్లూ బాగుచేసేవాడు కాలినడకన పోతున్నాడంటే, కార్ల గురించి అతనికి తెలిసిందేదో మనకి తెలీదన్నమాట.

అతను కొండ ఎక్కి, దిగి, వచ్చేదాకా నేను డ్రైవరు తప్పుగానే ఉండాలి. నాకైతే ఆ చప్పుడు రోజురోజుకీ పెరుగుతున్నట్టుంది. అత్తయ్యని కూర్చోబెట్టుకుని మరీ మెల్లగా వెళ్తున్నాను. వెనక వాళ్ళంతా హారన్లు కొట్టి నన్ను దీవిస్తున్నారు.

మీ మరదలు,
శ్రీలేఖ

•

పద్మారావు నగర్
18 నవంబరు 2025

కాంతమణిగారికి,

మీ మాట అందింది. ఉత్తరంలో కాదు, అన్నయ్యగారి నోట, మీ తమ్ముడి స్పీకరులో, అత్తయ్యా నేనూ అందరం వింటుండగా. "శ్రీలేఖ నడిపే కారు అమ్మ ఎక్కకూడదని మీ అక్క అంటోంది" అన్నారు. మీ తమ్ముడు నా వైపు చూసిన చూపుంది చూశారూ, పెద్ద క్లెయిము కొట్టేసినప్పుడు కూడా ఆయన మొహం అంత వెలిగి ఉండదు.

మేకు మీంచి తాళం తీసి ఆయన చేతిలో పెట్టాను. నిన్నటి నుంచి అత్తయ్యని ఆయనే తీసుకెళ్తున్నారు, ఆఫీసుకి ఆలస్యమైనా సరే. ఇన్నాళ్ళూ రాని ఓపిక ఇప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో. నేను వంటింట్లో కాఫీ తాగుతున్నాను.

నా ఉత్తరాలు మీరొక్కరే చదువుతారనుకుని రాశాను. కళ్ళు మూసుకుని నా పక్కన కూర్చున్నారని తెలిసినప్పుడే నాకు అర్థం కావలసింది. మీ కళ్ళజోడు పెట్టె పార్సిలు చేస్తాను. కర్పూరం వాసన పోదు, సర్దుకోండి.

శ్రీలేఖ

•

కాకినాడ
22 నవంబరు 2025

శ్రీలేఖా,

నన్ను కాంతమణిగారూ అన్నావు. మా ఆయన తరఫు వాళ్ళు కూడా నన్ను ఇంత దూరం పెట్టలేదు. నీ ఉత్తరం చదివి నేను ఆ పూట అన్నం తినలేదు. ఆ తరవాత మీ అన్నయ్యకి కూడా పెట్టలేదు. ఎందుకో చెప్తాను, తిట్టుకోకుండా చివరిదాకా చదువు.

నీ ఏడో తారీఖు ఉత్తరం చదివాను. చక్రంలో ఏదో లూజుగా ఉందని ఉంది. మీ అన్నయ్యతో అన్నాను, "ఆ కారు బాగయ్యేదాకా అమ్మ ఎక్కకూడదు, ఎవరు నడిపినా సరే." ఎవరు నడిపినా సరే! ఆ ముక్క నేను రెండుసార్లు అన్నాను. ఈయన మరి ఫోను ఎప్పుడు చేశారో, ఆ ముక్క ఎప్పుడు మింగేశారో, నీ పేరు ఎందుకు అతికించారో భగవంతుడికి తెలియాలి. అడిగితే, "మాట క్లుప్తంగా చెప్పాలి కదా" అంటారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఈయన క్లుప్తంగా చెప్పిన మాట ఇదొక్కటే, అది కూడా నా కొంప ముంచడానికి.

నీ ఉత్తరాలు నేను తప్ప ఎవరూ చదవలేదు. నా బీరువాలో పట్టుచీరల మధ్య ఉన్నాయి.

ఫ్లైఓవరు సంగతి కూడా చెప్పేస్తాను. కళ్ళు మూసుకున్నది భయపడి కాదే. గాలి తగులుతోంది, మిషను తీసేశాను, ఏ గోలా లేదు, ఎవరి కారులోనో వెనక కూర్చుని పోతున్నట్టు కాకుండా మన ఆడవాళ్ళ కారులో పోతున్నట్టు ఉంది. హాయిగా ఉండి కళ్ళు మూసుకున్నాను. అది అలా రాయడం నాకు చేతకాలేదు. ఎగతాళి చెయ్యడం ఒక్కటే కదా మనకి బాగా వచ్చు.

ఇప్పుడు అసలు సంగతి విను. కోపంలో నువ్వొక విషయం మర్చిపోతున్నావు. తాళం నీ దగ్గర లేదు, కానీ చప్పుడు ఆ కారులోనే ఉంది. ఇన్నాళ్ళూ నువ్వు చెవి ఒగ్గి, మెల్లగా, భయంగా నడిపావు. ఇప్పుడు వీడు అద్దాలు ఎత్తేసి, పాటలు పెట్టుకుని, అదే కారులో అమ్మని తిప్పుతున్నాడు. వీడి కంటే నా చెవులే నయం.

ఇది అందిన వెంటనే అమ్మని కారు ఎక్కనివ్వకు. ఆటోలో తీసుకెళ్ళు. తమ్ముడు ఏమన్నా నా పేరు చెప్పు. ఈసారి నా మాట నా అక్షరాల్లోనే ఉంది, స్పీకరులో కాదు, చూపించు. నా మీద కోపం తరవాత తీరిగ్గా తీర్చుకుందువు గాని.

నీ వదిన,
కాంతమణి

•

పద్మారావు నగర్
30 నవంబరు 2025

వదినా,

మీ ఉత్తరం గురువారం అందింది. కథ బుధవారమే అయిపోయింది. అందరం బాగున్నాం, అత్తయ్య ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఈ ముక్క మొదట రాశాను, ఎందుకంటే మీరు కింద చదవబోయేది చూసి మళ్ళీ అన్నయ్యగారికి అన్నం మానేస్తారని.

బుధవారం రాంగోపాల్‌పేట నుంచి వస్తుంటే, బన్సీలాల్‌పేటలో ఆ మెట్లబావి దగ్గర మలుపులో స్టీరింగు ఊగడం మొదలుపెట్టిందట. పాట కూడా ఆ చప్పుణ్ణి దాచలేకపోయింది. అయినా మీ తమ్ముడు, "రోడ్డు బాగాలేదమ్మా" అంటూ ముందుకే పోతున్నారట. అత్తయ్య చేతికర్రతో పాటల పెట్టె మీద ఒక్కటి కొట్టి, "ఆపరా!" అన్నారట. ఆ పెట్టె ఇంక పాడదు. ఆ ఒక్క దెబ్బకి ఆవిడ కాళ్ళు మొక్కినా తప్పులేదు.

మీ తమ్ముడు నాకు ఫోన్ చేశారు. పెళ్ళయ్యాక ఆయన గొంతు అంత చిన్నగా వినడం అదే మొదలు. "ఒకసారి రాగలవా?" అన్నారు. నేను జబీన్‌ని తీసుకుని ఆటోలో పరిగెత్తాను. ఆ కారులో అత్తయ్య ఉన్నారు, ఆయన ఉన్నారు. చప్పుడు పెరుగుతోందని తెలిసీ, నాకేం పట్టిందిలే అని తాళం ఆయన చేతిలో పడేసి వంటింట్లో మూతి ముడుచుకుని కూర్చున్నాను కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

వెళ్ళేసరికి అత్తయ్య అరుగు మీద కూర్చుని ఎవరో ఇచ్చిన టీ తాగుతున్నారు. మీ తమ్ముడు బానెట్టు ఎత్తి ఇంజనులోకి తీవ్రంగా చూస్తున్నారు. చప్పుడు చక్రంలో, ఆయన చూపు ఇంజనులో. జబీన్ వంగి ఎడమ చక్రం మూత పట్టుకుని లాగింది. అది ఊడి చేతిలోకొచ్చింది. లోపల నట్టు మీద వేలు పెట్టి తిప్పింది.

"యా అల్లా! అన్నా, గిటు చూడున్రి. నట్లు చేత్తోనే తిరుగుతున్నయ్!"

వదినా, నాలుగు నట్లూ తిరుగుతున్నాయి, వేళ్ళతో.

నేను పానా కోసం డిక్కీ తీశాను. గోనెసంచీ కింద ఉంది. బయటికి తీసి చూద్దును కదా, దాని నిండా పసుపు. మధ్యలో కుంకుమ బొట్టు, చెక్కు చెదరలేదు. చివర ఒక బంతిపువ్వు రెక్క ఎండిపోయి అంటుకుని ఉంది. పూజలోంచి తీసి డిక్కీలో పెట్టాక దాన్ని మనిషి చెయ్యి తాకలేదు. నేను దాన్ని పట్టుకుని రోడ్డు మీద నిలబడిపోయాను. అప్పుడు గుర్తొచ్చింది మీరు రాసిన నవమి వేడుక. చక్రం మార్చి, జాకీ దించి, మళ్ళీ వంగాడో లేదో అమ్మ పానా లాక్కుంది అని రాశారు కదా. స్పీడ్ బ్రేకరు, గుర్రం, ఫ్లైఓవరు అని కోపంలో గెంతుకుంటూ చదివి, ఉన్న ఒక్క పనికొచ్చే ముక్కా వదిలేశాను.

"చక్రం నేల మీద ఆనాక నట్లు గట్టిగా బిగించాలి కదా," అన్నాను ఆయనతో. "బిగించారా?"

ఆయన పానా వైపు చూశారు. అత్తయ్య వైపు చూశారు. "అదే చెప్పాను అమ్మకి ఆ రోజు. ఇంకా బిగించలేదమ్మా, అని. రేపు చేసుకో, పూజలో పెట్టాక ముట్టుకోకూడదు, అంది."

మీకు వినపడని గొణుగుడు అదన్నమాట.

అత్తయ్య టీ గ్లాసు కింద పెట్టారు. "నేను మర్నాటిదాకా ఆగమన్నానురా. కార్తీకమాసం వెళ్ళేదాకా ఆగమన్నానా? ఉద్వాసన చెప్పి నీ చేతికే ఇచ్చాను కదా. అది డిక్కీలో పడేసి జమ్మి కొట్టడానికి పోయావు. పైగా ఇన్నాళ్ళూ ఆ పిల్లని పట్టుకుని సాధించావు. ఇప్పుడు చెప్పు, ఇది ఎవరి తప్పు?"

బన్సీలాల్‌పేట సగం మంది అక్కడే ఉన్నారు. మీ తమ్ముడు గొంతు సవరించుకుని, "ఇది... మెకానికల్ ఫెయిల్యూర్ కిందికి వస్తుంది" అన్నారు.

ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట వాడగా విన్నవాళ్ళు లేరు. ఆయన కంపెనీ నుంచి రూపాయి రాక తిరిగి వెళ్ళిన డ్రైవర్లందరూ గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపూ వచ్చింది. జబీన్ నా భుజం మీద చెయ్యి వేసింది.

నట్లు నేనే బిగించాను. చీర కుచ్చెళ్ళు దోపుకుని, పానా మీద కాలేసి తొక్కాను, ఒక నట్టు తరవాత దాని ఎదుటి నట్టు. అక్కణ్ణుంచి మెల్లగా వెనక్కి రాంగోపాల్‌పేట తీసుకెళ్ళి లాల్‌కి చూపించాను. చక్రం విప్పి చూశాడు, నట్లు ఎక్కే మేకులు గానీ వాటి రంధ్రాలు గానీ దెబ్బ తినలేదట, మళ్ళీ బిగించి పంపాడు. ఇప్పుడు ప్రహరీ గోడ పక్కన పోతే గోడకి మా మాటలే తగిలి తిరిగొస్తున్నాయి. ఇంకే చప్పుడూ లేదు.

ఇంటికొచ్చాక నేను తాళం అడగలేదు. ఆయనా ఇవ్వలేదు. అలవాటుగా చొక్కా జేబులో వేసుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున్న పూజ దగ్గర అత్తయ్య, "ఏరా, ఆ తాళం ఒకసారి ఇలా తే" అన్నారు. గండం గడిచింది కదా, హారతి ఇస్తారేమో అనుకుని తెచ్చి ఇచ్చారు. అత్తయ్య దానికి పసుపు రాశారు. కుంకుమ బొట్టు పెట్టారు. మీ కళ్ళజోడు పెట్టెలోంచి కర్పూరం తీసి వెలిగించారు. ఆ తరవాత తాళం తీసుకెళ్ళి పీట మీద లక్ష్మీదేవి పాదాల దగ్గర పెట్టారు.

"ఇది పూజలో ఉంది. శ్రీలేఖ తప్ప ఇంకెవరూ ముట్టుకోవడానికి వీల్లేదు" అన్నారు.

ఆయన తెల్లబోయారు. "నాకు ఆఫీసుకి టైమవుతోందమ్మా. ఉద్వాసన ఎప్పుడు చెప్తావు?"

"వచ్చే దసరాకి."

ఆవిడ ఇప్పటిదాకా నాకు ఒక్క మంచి మాట చెప్పలేదు వదినా. ఇప్పుడూ చెప్పలేదు. హారతి పళ్ళెం నా ముందుకి తెచ్చి, "కళ్ళకద్దుకో, వ్యాయామానికి వేళవుతోంది" అన్నారు, అంతే. నాకు ఎంత ఏడుపొచ్చిందో ఎలా రాయను?

మీ మీద కోపం తీరిగ్గా తీర్చుకోమన్నారు. తీర్చుకుంటాను. సంక్రాంతి రద్దీ తగ్గాక ఇక్కడికి రండి, స్టేషనుకి నేనే వస్తాను. ఫ్లైఓవరు మీద మిషను తీసేసి కళ్ళు మూసుకోండి. కళ్ళజోడు పెట్టె మాత్రం పంపను, అది మనకి పనికొచ్చింది.

మీ తమ్ముడు కులాసా. రోజూ ఆటోలో ఆఫీసుకి వెళ్తున్నారు. ఆ ఆటో డ్రైవరు గుంతల్లో దూకిస్తున్నాడని నిన్న వచ్చి నాతో చెప్పుకున్నారు.

మీ మరదలు,
శ్రీలేఖ